అరచెయ్యి అడ్డం పెట్టి

మా ఆవిడ ఆపరేషను గదిలోకి వెళ్తూ వాచీ తీసి సంచిలో వేసింది, ఉంగరం తీసి నా చొక్కా జేబులో వేసింది. ఫోనుని మాత్రం నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళని ఒక్కొక్కటిగా దాని చుట్టూ తనే మడిచి, "ఇసుక అయిపోయేలోపు పెట్టె తియ్యండి, మర్చిపోయేరు" అంది. కుడి బొటనవేలి కింద, మణికట్టు దగ్గర, లోపలి తాడేదో వాచి బిగుసుకుపోయిందట, చిన్న గాటు పెట్టి వదులు చేస్తారట, మత్తు చేతి వరకేనట, గంటలో బయటికి పంపేస్తారట. ఇన్ని 'ట'ల మధ్య మనిషన్నాక కాస్త భయపడాలి. భయపడింది కూడా, కాకపోతే కత్తి గురించి కాదు, పెట్టె గురించి. తలుపు మూసుకునే ముందు వెనక్కి తిరిగి చూసింది. నా గుండె పాలలా పొంగింది. ఆ చూపు నా మొహం దాకా రాకుండా ఛాతీ దగ్గరే, అంటే ఫోను దగ్గరే, ఆగిపోయింది. పొంగిన పాలు పొయ్యిలో పడ్డాయి.

ఇదిగో ఆ పెట్టె, అరచేతిలో వెలుగుతోంది. బంగారు రంగు, ఇనుప పట్టీలు, మూత సందుల్లోంచి వెలుతురు, లోపల ఎవరో దీపం పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నట్టు. మూత మీద ఒక బుల్లి ఇసుక గడియారం, పై బుడ్డిలో ఇసుక ఇంకా దండిగానే ఉంది. ఫోనులో ఆవిడ ఆడే ఆటలో రోజుకొక పెట్టె వస్తుంది. పేరుకి పెట్టే గానీ, మా ఇంటికి అది పెట్టిందేమీ లేదు, పుచ్చుకోవడమే. ఒక్కరోజు తియ్యకపోయినా ఇన్నాళ్ళ వరస తెగిపోతుందని మా ఆవిడ బెంగ. వరస తెగితే కోటలో చోటు పోతుంది. మా ఇద్దరిదీ మొగుడూ పెళ్ళాల వరస, అది తెగిందో అతికే ఉందో చూసుకోవడానికి మాత్రం ఏ గడియారమూ పెట్టుకోలేదు. కోటలో చోటు పోతే మేస్త్రి ఏమనుకుంటాడు. వచ్చాడు చూశారా మేస్త్రి, పిలవకుండానే, నేను కూర్చున్న ఈ ఊగే కుర్చీ పక్కన తనూ ఒక కుర్చీ లాక్కుని.

ఈర్ష్యేనండీ. దాచుకునే గొంతు కాదు నాది. బస్టాండులో ఏ బస్సు ఎక్కడికొచ్చి ఆగుతుందో మైకులో చెప్పేది నేనే, అందుకే తోటివాళ్ళు నన్ను మైకు అనే పిలుస్తారు. నా మాట విని జనం సంచులు భుజాన వేసుకుని పరిగెత్తుతారు, ఇంట్లో నా మాట విని సోఫాలో ఇటు నుంచి అటు కూడా జరగరు. మా ఆవిడది కుట్టుపని. కొత్త బట్టలు కుట్టదు, పాతవి సరిచేస్తుంది, వదులైనవి బిగిస్తుంది, బిగుసుకున్నవి వదులు చేస్తుంది, చిరిగిన జేబులకి కొత్త సంచీ వేస్తుంది. పెళ్ళైన కొత్తలో నన్ను కూడా ఆ మూటలోనే వేసుకుంది. ఇప్పుడు ఆవిడది కుట్టుపని, నాది కళ్ళు కుట్టే పని. సాయంత్రం మిషను మీద గుడ్డ కప్పి, చెవుల్లో తీగలు పెట్టుకుని, కాళ్ళు ముడుచుకుని, తెర మీద కోట కడుతూ నవ్వుతుంది. కోటకి గోడలు కట్టేవాడి పేరు మేస్త్రి. అక్కడ మా ఆవిడ పేరు కత్తెర. ఇంకెవరో నిద్రమొహం అని ఒకడున్నాడు, వాడితో నాకు గొడవ లేదు, వాడు నా జాతే. మేస్త్రి ఏదో అంటాడు, అది నాకు వినపడదు, ఆవిడ నవ్వు మాత్రం వినపడుతుంది. ముందు ముక్కులోంచి చిన్నగా వస్తుంది, తర్వాత ఆగలేక భుజాల్లోంచి. భుజాల్లోంచి వచ్చే ఆ నవ్వు నాది. పాతకాలంలో నా జోకులకి వచ్చేది. ఇప్పుడు జోకు వేస్తే, "ఊ" అంటుంది, రసీదు చింపి ఇచ్చినట్టు.

ఒకసారి అడిగాను, వాడికి వయసెంతుంటుందని. "ఎవరికి?" అంది. మేస్త్రికి అన్నాను. "గోడలు కట్టేవాడికి వయసుతో పనేంటండీ, గోడ నిలబడితే చాలు" అంది. నిలబడిందండీ, మా ఇద్దరి మధ్య, భేషుగ్గా నిలబడింది.

ఇసుక రాలుతోంది. ఎదుటి గోడ మీద టీవీ, దానికి గొంతు లేదు, ఎవరో వార్తలు నములుతున్నారు. వరసగా కుర్చీలు, కట్లు కట్టుకున్న చేతులు, తెల్లగా, లావుగా, చలికాలపు టోపీలు పెట్టుకున్నట్టు. అవతల కిటికీలో ఒకావిడ రబ్బరు ముద్రలు కొడుతోంది, టక్, టక్, ఆ చప్పుడుకి నా బొటనవేలు ఉలిక్కిపడుతోంది. నా బొటనవేలికి నిన్నటి నుంచి కొత్త హోదా వచ్చింది. నిన్న సాయంత్రం మా ఆవిడ నా పక్కన కూర్చుంది, సోఫాలో, తనంతట తనే. నా కుడిచెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. ఎన్నాళ్ళయిందో. బొటనవేలిని పట్టుకుని ఫోను మీద ఆనించింది, ఎత్తింది, కొంచెం పక్కకి తిప్పి మళ్ళీ ఆనించింది, ఊడిన గుండీని చొక్కా మీద పెట్టి చోటు చూసుకుంటుందే, అంత ఓపికగా. తన వేలు రేపు కట్టులో ఉంటుంది కదా, తాళం తియ్యడానికి నా వేలిముద్ర కావాలిట. తన ఫోనులోకి నన్ను రానిస్తోంది అనుకున్నాను. రాత్రంతా బొటనవేలు చూసుకుని మురిసిపోయాను, పెళ్ళికొడుకు ఉంగరం చూసుకున్నట్టు. పొద్దున తెలిసింది, రానిచ్చింది నన్ను కాదు, వేలిని.

పోనీ, డాక్టరు అడిగినప్పుడైనా ఆవిడ ఒక్క మాట అనుంటే బావుండేది. ఆయన బొటనవేలిని లోపలికి మడిచి, మణికట్టుని కిందికి వంచి, ఆవిడ "అమ్మా" అనగానే అదే అదే అని తలూపి, "ఏం పని చేస్తారమ్మా?" అన్నాడు. "కుట్టుపనండీ." ఆయన సంతోషపడ్డాడు, లెక్కకి జవాబు దొరికినవాడిలా. "కత్తెర వాడకం ఎక్కువుంటుంది, అందుకే" అని రాసుకున్నాడు. ఆ కత్తెర ఈ కత్తెర కాదు బాబూ అని నా నాలుక మీదికి వచ్చింది. కుట్టుపని ఈమధ్య ఎక్కడుంది, మూటలు విప్పకుండానే వెనక్కి వెళ్తున్నాయి, నొప్పెట్టేది సూది పట్టుకున్నప్పుడు కాదు, ఫోను మీద బొటనవేలు ఆడించినప్పుడు. అయినా నోరు మూసుకున్నాను. ఊరందరికీ చెప్పే నోరు అక్కడ మూతపడింది. ఎందుకంటే ఒకప్పుడు నేను డ్యూటీ ఎగ్గొట్టి పేక ముందు కూర్చుంటే మా సూపర్‌వైజరు ఇంటికొచ్చాడు. గుమ్మంలో నిలబడి, "ఒళ్ళు కాలిపోతోందండీ, పడుకున్నారు" అని మొహం తిప్పకుండా చెప్పింది ఆవిడ. మొన్న డాక్టరు గదిలో నేను ఆ అబద్ధం బాకీ తీర్చాను. అదీ మా సంసారం, ఒకరి జ్వరం ఒకరు మొయ్యడం.

తియ్యకపోతే ఏమవుతుంది. ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో గానీ వచ్చి నా ఒళ్ళో పిల్లిలా కూర్చుంది, దాన్ని నిమురుతుంటే హాయిగా ఉంది. తియ్యకుండా కూర్చుంటే సరి. ఇసుక రాలిపోతుంది, పెట్టె నల్లబడుతుంది, వరస తెగుతుంది, కోటలోంచి కత్తెర బయటికి వచ్చేస్తుంది, మేస్త్రి ఎవరితో మాట్లాడతాడో మాట్లాడుకుంటాడు. ప్రయాణికులకు గమనిక, కోటకి వెళ్ళవలసిన కత్తెరగారి బస్సు ఈరోజు రద్దయినది, అసౌకర్యానికి చింతిస్తున్నాము. చింత ఎవరికండీ, పండగే. నిద్రపోయానని చెప్పొచ్చు, నర్సు పిలిచిందని చెప్పొచ్చు, అబద్ధానికి మా ఇంట్లో ఎప్పుడూ కొరత లేదు. నాచేత పేక మాన్పించింది ఆవిడే కదా. మాన్పించినావిడ మాత్రం ఆడుకోవచ్చు, చెయ్యి పాడయ్యేదాకా ఆడుకోవచ్చు, "ఇది ఆటేగా, పేక లాంటిది కాదుగా" అనొచ్చు. కొన్నాళ్ళకి పెట్టెలు కొనుక్కోవచ్చు కూడా. చిన్నవేనండీ, టీ తాగినంత డబ్బే, అంటుంది. నేనూ టీ తాగినంతే అనేవాణ్ణి. ఆ టీలో ఈదుకుంటూ ఎంతదూరం వెళ్ళానో ఆవిడకి తెలుసు, ఒడ్డుకి లాగింది ఆవిడే.

ఫోను గుర్రుమంది. తెర మీద ఒక చిన్న మైకు బొమ్మ, పక్కన మేస్త్రి అని పేరు. ముట్టుకోకూడదు. ముట్టుకున్నాను. అది చెవిలో చెబుతుందనుకున్నాను, హాలు మొత్తానికి చెప్పింది, నా మైకు కంటే ఖంగుమని. "కత్తెరా, ఏంటి ఇంకా తియ్యలేదు? ఆపరేషన్ అయ్యిందా? కంగారు పడకు, నిద్రమొహం కూడా లేచే ఉన్నాడు. చెయ్యి అడ్డం పెట్టి మెల్లగా తియ్యి, నీ స్టైల్లో. మేం ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం." అంతే. మామూలు మగగొంతు, జలుబు చేసినట్టుంది, వెనకాల ఎక్కడో కుక్కరు కూస్తోంది. ఇన్నాళ్ళూ నేను ఊహించుకున్న మీసాలూ భుజాలూ ఆ జలుబులో కారిపోయాయి. కానీ ఒక మాట మాత్రం లోపల ముల్లులా విరిగింది. చెయ్యి అడ్డం పెట్టి, నీ స్టైల్లో.

అది ఆవిడ స్టైలు కాదు. అది నాది.

మూడు ముక్కలాటలో మూడో ముక్కని ఎవడైనా గభాల్న తిప్పి చూసుకుంటాడు. నేను చూసేవాణ్ణి కాదు. ఎడమ అరచెయ్యి ముక్క మీద పూర్తిగా కప్పి, కుడి బొటనవేలితో అంచుని వెంట్రుకవాసి పైకి తోసేవాణ్ణి. ముందు తెల్లటి అంచు కనపడుతుంది, తర్వాత రంగు, ఎరుపైతే ఒక ఆశ, నలుపైతే ఇంకొకటి, తర్వాత అంకె నెత్తి మాత్రం, అది గుండ్రంగా ఉందా వంకరగా ఉందా. అక్కడ ఆగేవాణ్ణి. తోటివాళ్ళు, "తియ్యవయ్యా మైకూ, బస్సు వెళ్ళిపోతోంది" అని గోల పెట్టేవాళ్ళు. అక్కడ, ఆ ఆగినచోట, నేను గెలిచినవాణ్ణీ కాదు, ఓడినవాణ్ణీ కాదు. పేక మానిపించే వైద్యుడు తర్వాత నాతో అన్నాడు, మీరు గెలవడానికి ఆడలేదు సార్, ముక్క తిరిగే ముందు ఉండే ఆ ఒక్క క్షణం కోసం ఆడారు, మిగతాదంతా ఆ క్షణానికి టిక్కెట్టు. మా ఇంట్లోనే వెనక గదిలో కూర్చునేవాళ్ళం. మా ఆవిడ టీ గ్లాసులు పెట్టి వెళ్ళిపోయేది కాదు, నా కుర్చీ వెనక నిలబడేది. కోపంతో నిలబడిందనుకునేవాణ్ణి. నా మెడ మీద ఆవిడ ఊపిరి వెచ్చగా తగిలేది, నేను అరచెయ్యి అడ్డం పెట్టగానే అది ఆగిపోయేది. ముక్క పూర్తిగా తిరిగేదాకా తగిలేది కాదు. నేను ఒక్కసారైనా వెనక్కి తిరిగి ఆవిడ మొహం చూడలేదు. ముక్క వదిలి ఎవడు చూస్తాడు.

ఒక మధ్యాహ్నం బట్టలు కత్తిరించే కత్తెరతో పేకముక్కలన్నీ ముక్కలు చేసింది. దర్జీలు ఆ కత్తెరతో కాగితం ముట్టుకోరు, పదును పోతుంది, ఎవరైనా పొరపాటున కాగితం కత్తిరిస్తే ఇల్లు పీకి పందిరి వేస్తారు. అలాంటి కత్తెరని తనే పాడుచేసుకుంది, నా కోసం. ఎంత పొంగిపోయానో. ఆ తర్వాత మా ఇంట్లో ఆ ముక్కలూ లేవు, మాట్లాడుకునే ముక్కలూ లేవు. నేను బాగుపడ్డాను, ఇల్లు చల్లబడింది. ఇప్పుడు ఈ ఊగే కుర్చీలో కూర్చుని అనుకుంటున్నాను, ఆ మధ్యాహ్నం ఆవిడ కత్తిరించింది నా పేకేనా. కుర్చీ వెనక నిలబడి నాతోపాటు ఊపిరి బిగబట్టిన మనిషి, తన కోసం కూడా కత్తిరించుకుందేమో. అది నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. నాకు వైద్యుడున్నాడు, వారంవారం వలయంగా కుర్చీలు వేసుకుని కూర్చునే తోటి రోగులున్నారు. ఆవిడకి మొద్దుబారిన కత్తెర మిగిలింది. పోయి పోయి ఆ పేరే పెట్టుకుంది కోటలో. అరచెయ్యి అడ్డం పెట్టడం నా దగ్గర నేర్చుకుని, నాకు తెలియకుండా, నా ఎదురుగానే, సోఫాలో కాళ్ళు ముడుచుకుని. తెర మీద ఎడమచెయ్యి కప్పి కుడి బొటనవేలు జరుపుతుంటే, కళ్ళకి వెలుతురు ఎక్కువైందేమో అనుకున్నాను. మొగుణ్ణి నేను, పద్ధతి నాది, చూస్తూ గుర్తుపట్టలేదు. ఆవిడ మాటల్లో విని జలుబుగొంతువాడు గుర్తుపట్టాడు.

ఇసుక అడుగంటుతోంది. పక్క కుర్చీలో చెయ్యి మెళ్ళో వేలాడేసుకున్న పెద్దాయన ఎప్పుడు వంగాడో నా భుజం మీదికి వంగి ఉన్నాడు. "ఏంటి బాబూ అది, మెరుస్తోంది?"

"పెట్టెండీ. ఆటలోది."

"ఏముంటుంది లోపల?"

"తెలీదండీ. తీస్తే తెలుస్తుంది."

"మరి తియ్యండి."

"తియ్యకూడదనుకుంటున్నానండీ."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. నర్సు వచ్చి, "తాతగారూ, మీ నంబరే, రండి" అంది. ఆయన లేవలేదు. "ఒక్క నిమిషం తల్లీ, ఇక్కడ ఏదో తీస్తున్నారు" అన్నాడు. నర్సు కూడా మెడ సాచింది. చూశారా, పుట్టి బుద్ధెరిగాక ఫోనులో ఆటే ఆడని మనిషి, చెయ్యి విరిగిన మనిషి, డాక్టరు పిలుస్తుంటే కదలడం లేదు. దీంట్లో ఉన్న గుణం అది. నర్సు చివరికి ఆయన్ని మంచి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది, ఆయన గుమ్మం దాటేదాకా వెనక్కే చూశాడు.

పెట్టెతో ఒక్కణ్ణే మిగిలాను. ఒక్కణ్ణే అనుకున్నాను. ఎడమ అరచెయ్యి పెట్టె మీద ఉంది. నేను పెట్టలేదు, అదే వెళ్ళింది, అలవాటైన ఇంటికి కుక్క వెళ్ళినట్టు. కుడి బొటనవేలు కింద మూత అంచు. నొక్కి జరిపితే మూత కొంచెం కొంచెంగా లేస్తుందట, అలాగే కట్టారు దాన్ని, కట్టినవాడికి నాలాంటివాళ్ళ సంగతి మా వైద్యుడి కంటే బాగా తెలుసు. వెంట్రుకవాసి జరిపాను. వేళ్ళ సందుల్లోంచి వెలుతురు వచ్చింది, ఊదాగా. ఊదా అంటే మంచిదా, చెడ్డదా. చెవుల్లో రబ్బరు ముద్రల చప్పుడు ఆగిపోయింది, లేదా నాకు వినపడటం మానేసింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా అదే చోటు, గెలుపూ ఓటమీ లేని ఆ గుమ్మం, తలుపు తాళం ఎవరూ మార్చలేదు. మేస్త్రి మీద కాదండీ నా ఏడుపు. ఇది తనకి ఉంది, నాకు లేదు, అదీ నా ఏడుపు. రోజుకొకసారి మా ఆవిడ ఇక్కడికి వచ్చి వెళ్తోంది, నన్ను బయట చెప్పుల దగ్గర కూర్చోబెట్టి.

మెడ మీద ఏదో వెచ్చగా తగిలింది. మందుల వాసన. తగిలింది, ఆగిపోయింది.

ఆగిపోయిన ఆ ఊపిరి నాకు తెలుసు. ఎప్పుడు బయటికి వచ్చిందో, ఏ తలుపులోంచి వచ్చిందో, కుర్చీ వెనక నిలబడి ఉంది. పలకరించలేదు, నొప్పి అనలేదు. నేను కదలలేదు. ఎంత సుఖంగా ఉందో చెప్పడానికి నా దగ్గర మైకు చాలదు. ఇన్నాళ్ళూ నేను దేనికోసం ఏడ్చానో అది నా మెడ మీదే ఉంది, నా కోసం ఒక మనిషి ఊపిరి బిగబట్టింది, మేస్త్రి కోసం కాదు, నిద్రమొహం కోసం కాదు. బొటనవేలు ఇంకొక్క వెంట్రుకవాసి జరిపితే ఈ సుఖం ఇంకాసేపు ఉంటుంది, రేపు ఇంకో పెట్టె, ఎల్లుండి ఇంకొకటి. ఆవిడ చేతికి కట్టు, నా చెయ్యి ఆవిడది, సాయంత్రాలు సోఫాలో పక్కపక్కన, ఇద్దరం ఒకే గుమ్మంలో. మా సంసారం మళ్ళీ వెచ్చబడుతుంది. పాతకాలంలో వెనక గది వెచ్చగా ఉన్నట్టే.

ఆ రోజుల్లో చెయ్యని పని ఇప్పుడు చేశాను. వెనక్కి తిరిగాను.

కుడిచెయ్యి తెల్లటి కట్టులో గుండెల దగ్గర పెట్టుకుని నిలబడి ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది, బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి, రెప్ప వెయ్యడం లేదు. నన్ను చూడటం లేదు. నా మొహం ఆవిడ మొహానికి జానెడు దూరంలో ఉంది, దాని పక్కనుంచి కిందికి, నా అరచేతి కేసి చూస్తోంది. ఆ చేతి మీద నాకు ఈర్ష్య పుట్టింది, నా చెయ్యే అది. ఆ కళ్ళు నేను ఎక్కడ చూశానో వెతుక్కోనక్కర్లేదు, మా వలయంలో కుర్చీల్లో కూర్చునేవాళ్ళవి, అద్దంలోవి. ఆవిడ వెనక నిలబడిన ఆ రోజుల్లో ఒక్కసారి తిరిగి ఉంటే అప్పుడే కనపడి ఉండేవి.

బొటనవేలు ఎత్తేశాను. అరచెయ్యి మాత్రం తియ్యలేదు. వేళ్ళ సందుల్లో ఊదా వెలుతురు కొట్టుకుంటోంది. "తియ్యండి" అంది, గాలిలో కలిసేంత మెల్లగా. "ఏమండీ, తియ్యండి." ఎడమచేత్తో నా చెయ్యి లాగబోయింది, ఆ చేతికి అలవాటు లేక నా వాచీ పట్టీ పట్టుకుని లాగింది. నేను బిగించాను. ఆ చిన్న ఇసుక గడియారం నాకు కనపడటం లేదు, ఆవిడకీ కనపడటం లేదు, అయినా ఇద్దరికీ తెలుస్తోంది. తర్వాత నా వేళ్ళ సందుల్లో వెలుతురు ఆరిపోయింది.

ఆవిడ ఊపిరి వదిలింది. నా పక్క కుర్చీలో, పెద్దాయన ఖాళీ చేసిన దాంట్లో, దబ్బున కూలబడింది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. "వరస పోయింది" అంది, ఎవరో పోయారని చెప్పినట్టు. ఫోను గుర్రుమంది, మేస్త్రి. ఇద్దరం ముట్టుకోలేదు. లోపలి నుంచి డాక్టరు తల బయటపెట్టి, కుట్లు విప్పేదాకా కత్తెర పట్టుకోవద్దమ్మా అన్నాడు. "కత్తెర వల్ల కాదండీ" అన్నాను నేను, హాలు మొత్తం తిరిగి చూసింది. "మీతో కాస్త మాట్లాడాలి. ఆవిడ చేతి గురించి, నా చేతి గురించి." మా ఆవిడ కట్టు కేసి చూసుకుంటోంది. డాక్టరు తలూపి, ఉండండి పిలుస్తాను అని లోపలికి వెళ్ళాడు.

రబ్బరు ముద్రలు మళ్ళీ వినపడుతున్నాయి. ఆవిడ నా వైపు తిరిగింది, ఫోను వైపు కాదు, నా మొహం వైపు, కళ్ళల్లోకి, ఎన్నేళ్ళకో.

"ఊదా కదండీ వచ్చింది?" అంది. "నేనూ చూశాను."

"ఊదానే."

"ఏమై ఉంటుందంటారు?"

చెప్పకూడదు, చెబితే మళ్ళీ మొదలవుతుంది. "నేనూ అదే ఆలోచిస్తున్నాను" అన్నాను.